చార్మినార్ రూపాయిని తోమకండి

 

మన తూంకుంట, శామీర్‌పేట ఇళ్లలో పాత పెట్టెలు తీస్తే నిజాం కాలపు చార్మినార్ రూపాయి కనబడొచ్చు. నాణేలు సేకరిస్తానని తెలిసినవాళ్లు "దీని రేటెంత?" అని అడుగుతారు. నేను ముందు చూసేది అరుగుదల.

చార్మినార్ మధ్య కమానులో చిన్న అక్షరం ఉంటుంది. 'మీమ్' అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలంది, 'ఐన్' అయితే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలంది. ఆ అక్షరం, మినార్ల గీతలు, హిజ్రీ సంవత్సరం ఎంత స్పష్టంగా ఉంటే అంత మంచి గ్రేడు. తూకం 11.18 గ్రాములకు దగ్గరగా ఉండాలి. బాగా తక్కువైతే అనుమానించాలి. గొలుసులో వేసుకోవడానికి అంచున కొక్కెం అతికించిన గుర్తుంటే గ్రేడు పడిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చింతపండు, బూడిద పెట్టి తోమడం వల్ల. ఆ నలుపు మురికి కాదు. గాలిలోని గంధకం తగిలి వెండి మీద ఏళ్లతరబడి కట్టిన పొర. తోమితే తళతళలాడుతుంది గానీ, భూతద్దంలో సన్నని గీతలు కనిపిస్తాయి. అవి ఇక పోవు. కొనేవాడు మొదట చూసేదీ వాటినే.

కాబట్టి నాణేన్ని అంచులతో పట్టుకోండి, పొడి కాగితం కవరులో పెట్టండి. అది ఇంట్లో ఎవరి చేతి నుంచి వచ్చిందో కవరు మీద రాయండి. ఆ వివరం ఏ గ్రేడులోనూ ఉండదు.