లైటు అద్దంలో నీళ్ళు

(మదనపల్లె మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆస్తి హక్కు గురించీ, గృహహింస చట్టం గురించీ నాకంటే తెలిసినవాళ్ళు పొద్దుటి నుంచీ మాట్లాడారు. నేను నా కారు హెడ్‌లైటు గురించి మాట్లాడతాను. నవ్వండి, ఫరవాలేదు. నాకు ఆ లైటు నవ్వులాట కాకుండా పోయిన రాత్రి ఒకటుంది.

నేను జాకెట్లు, స్కూలు యూనిఫారాలు కుట్టిస్తాను. పుంగనూరు చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు కుడతారు, నేను పోగుచేసి కుప్పం దాకా అంగళ్ళకు వేస్తాను. మా ఆయన పోయాక పొదుపు సంఘం అప్పుతో ఒక పాత మారుతి 800 కొన్నాను. ఒక అక్టోబరు ముసురులో కుప్పంలో సరుకు దించి బయలుదేరబోతుంటే ఫోనొచ్చింది. మాకు కుట్టే ఆమె కూతురు కుప్పంలోనే కాపురముంటోంది. మొగుడు కొట్టి బయటికి తోశాడు. "అక్కా, ఎట్లాగైనా పిల్లను ఎక్కించుకొని వచ్చెయ్" అని ఆ తల్లి ఏడుస్తోంది. ఆ అమ్మాయి ఏడాది బిడ్డను చంకనేసుకుని బస్టాండులో నిలబడి ఉంది. ఎక్కించుకున్నాను.

వి.కోట దాటగానే వాన పెద్దదయింది. ఎదుట రోడ్డు కనబడడం లేదు. దిగి చూస్తే ఎడమ లైటు అద్దంలో సగానికి నీళ్ళు, గ్లాసులో పోసినట్టు. కుడివైపు లోపలంతా ఆవిరి. వెలుతురు ఆముదం దీపమంత. అటువైపు కౌండిన్య అడవి. ఏనుగులు రోడ్డు దాటే చోటని మీకందరికీ తెలుసు. ఆగితే ఆ మొగుడు బైకు మీద వెనకాలే వస్తాడేమోనని అమ్మాయి భయం, ముందుకు పోతే ఏనుగుల భయం నాది. చివరికి టమోటా క్రేట్ల లారీ ఒకటి వస్తే దాని వెనక ఎర్రలైటు పట్టుకుని పలమనేరు దాకా పాకుతూ వచ్చాం. చట్టమేమో చీకటిలో ముందు 155 మీటర్ల దూరాన మనిషి స్పష్టంగా కనబడేటంత వెలుతురు బండికి ఉండాలంటుంది. నాకు పదిహేను మీటర్లు కూడా కనబడలేదు.

మర్నాడు షెడ్డుకు పోయాను. అంతకు ముందు ఎండాకాలంలో అదే షెడ్డులో అద్దం చుట్టూ ఏదో గమ్ము పూసి ఆరు వందలు తీసుకున్నారు. బిల్లు లేదు. ఇప్పుడు, "రెండు లైట్లూ మార్చాలక్కా, నాలుగు వేల పైన అవుతుంది. మీ ఇంటాయన్ని ఒకసారి పంపు, ఆయనకు చెప్తాను" అన్నాడు. ఆయన లేడన్నాను. "అయితే తమ్ముడినో, ఎవరినో పంపు" అన్నాడు. నడిపేది నేను, డబ్బు ఇచ్చేది నేను. లైటులో ఏమయిందో వినడానికి మాత్రం ఇంకెవరో రావాలి! ఆ మాటకు వచ్చిన కోపంతోనే ఇంటికొచ్చి లైటు ఊడదీశాను.

తీసి చూశాక నాకు తట్టింది, ఇది కుక్కరు గాస్కెట్టే. గాస్కెట్టు గట్టిపడితే పక్కనించి ఆవిరి పోతుంది. దాన్ని మార్చడానికి మనమెవరమూ ఇంటాయన్ని పిలవం. లైటుకు కూడా అద్దానికీ వెనక డొప్పకూ మధ్య గాడిలో నల్లటి జిగురు ఉంటుంది, బ్యూటైల్ రబ్బరు. ఏళ్ళ తరబడి వేడికి, కుదుపులకు అది బీటలు వారుతుంది. వెనక బల్బు చుట్టూ రబ్బరు టోపీ ఒకటి ఉంటుంది, అదీ సాగిపోతుంది.

ఇక్కడ ఒక కిటుకుంది, ఆ షెడ్డువాళ్ళు తప్పింది ఇక్కడే. లైటు గాలి పీల్చి వదులుతుంది. వెలిగినప్పుడు లోపలి గాలి వేడెక్కి బయటికి పోతుంది, ఆర్పినప్పుడు చల్లబడి గాలిని లోపలికి లాగుతుంది. అందుకని వెనక చిన్న గొట్టం, నోరు కిందికి తిప్పి, పెట్టి ఉంటారు. కుక్కరు విజిలు రంధ్రం మూస్తామా? నా లైటుకు వాళ్ళు ఆ గొట్టాన్ని కూడా గమ్ముతో మూసేశారు. దాంతో అది అంచు సందులోంచి తడిగాలిని, నీళ్ళను లాక్కుంది. పూసిన గమ్ము కూడా పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లపు ఆవిరి లోపలి అద్దపు పూతను తినేస్తుంది. ఎడమ లైటు పూత అప్పటికే మచ్చలు పడి నల్లబడింది. పూత పోయినదానికి ఎంత సీలు వేసినా వెలుతురు రాదు, అది మార్చాల్సిందే. మార్చాను. కుడిది మాత్రం దక్కించుకున్నాను.

ఎట్లాగంటే, ముందు బండిని గోడకు ఎదురుగా నిలిపి, లైటు వెలుతురు ఎక్కడ పడుతోందో సుద్దముక్కతో గీసుకున్నాను. మళ్ళీ బిగించాక అదే గీతకు రావాలి. లేకపోతే ఎదుటివాడి కళ్ళలో కొడుతుంది. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, బల్బు తీశాను. బల్బు గాజును వేళ్ళతో తాకకూడదు. చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి పగులుతుంది. సందు ఎక్కడుందో చూడడానికి పంక్చరు షాపు పద్ధతి వాడాను: వెనక రంధ్రం అరచేత్తో మూసి, అంచు చుట్టూ సబ్బునీళ్ళు రాసి, గొట్టంలోంచి ఊదితే ఎక్కడ బుడగలొస్తే అక్కడే కంత.

మధ్యాహ్నం ఎండలో పెట్టి, పైన హెయిర్ డ్రయర్‌తో చుట్టూ తిప్పుతూ కాచాను. జిగురు మెత్తబడ్డాక గుడ్డ చుట్టిన స్క్రూడ్రైవరుతో నిదానంగా లేపాలి. నాది గాజు అద్దం, వేడిమీద నీటిచుక్క పడితే ఠప్పున పగులుతుంది. ఈమధ్య కార్లకు ప్లాస్టిక్ అద్దాలు, వాటికి వేడి ఎక్కువైతే వంకర పోతాయి. లోపలి మెరుపు పూతను తుడవాలని చెయ్యి పీకుతుంది, ఆడవాళ్ళకు మరీనూ. గుడ్డ తగిలితే గీతలే, పూత ఊడుతుంది. అట్లాగే నీడన ఆరనివ్వండి. పాత జిగురంతా గీకి, గాడిలో కొత్త బ్యూటైల్ టేపు ఎడం లేకుండా చుట్టి, కొసలు వేలెడంత ఒకదానిమీద ఒకటి వచ్చేట్టు వేసి, మళ్ళీ కాచి అద్దం నొక్కాను. పాత సైకిలు ట్యూబు కోసి గట్టిగా కట్టి రాత్రంతా వదిలేశాను. తెల్లారి చెంబుతో నీళ్ళు పోస్తే చుక్క దిగలేదు. అక్కడక్కడ జిగురు బయటికి ఉబికి అందంగా లేదు గానీ, రెండు వానాకాలాలు దాటింది.

1888లో జర్మనీలో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను తీసుకుని ఆయన చేసిన కారులో మన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌సైమ్‌కు వందకు పైగా కిలోమీటర్లు పోయింది. పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. షెడ్డువాళ్ళకు ఈ కథ చెప్పాలని నాకు చాలా కోరిక.

అన్నీ మనమే చేసుకోవాలని నేననడం లేదు. బ్రేకులకు నేనూ షెడ్డుకే పోతాను. కానీ బిల్లు అడుగుతాను, తీసేసిన సామాను ఇమ్మంటాను. పని చెడగొడితే 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చు, ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. నా ఆరు వందలకు బిల్లు లేకపోబట్టే నేనేమీ చేయలేకపోయాను.

ఆ అమ్మాయి ఇప్పుడు పుంగనూరులో తల్లి దగ్గర కుడుతోంది. మెయింటెనెన్సు కేసు నడుస్తోంది. పోయిన నెల డ్రైవింగు నేర్పమని అడిగింది. ఎల్.ఎల్.ఆర్. కోసం దరఖాస్తు పెట్టించాను.

పుంగనూరు నుంచి వచ్చిన అక్క కారు బయట వేపచెట్టు కింద ఉంది. ఎడమ లైటులో ఆవిరి పట్టి ఉంది. భోజనాలయ్యాక దాన్ని ఊడదీద్దాం. టేపు, సైకిలు ట్యూబు నేను తెచ్చాను. ఈ వీధిలో ఇల్లున్నవాళ్ళెవరైనా ఒక హెయిర్ డ్రయర్ తెచ్చిపెట్టండి.