ఎండపొడ గుండ్రముగా నుండుటేల?

వెలుతురును గూర్చిన పాఠము చెప్పుటకు తగిన పరికరములు లేవని ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు కొందరు అనుచుందురు. చిలకలూరిపేట వంటి చోట ఈ మాట చెల్లదు. అక్కడ ఎండకు కొదువ లేదు. బడి ఆవరణలో ఒక వేపచెట్టు కూడ నున్నచో సగము ప్రయోగశాల అమరినట్లే.

మిట్టమధ్యాహ్నము ఆ చెట్టుక్రింద నేలను చూడుడు. ఆకుల సందులలో ఒకటి మూడుమూలలది, ఒకటి సన్నని చీలిక, మరియొకటి ఏ ఆకారమో చెప్పరానిది. క్రిందపడిన ఎండపొడలు మాత్రము దాదాపు అన్నియు గుండ్రనివే. ప్రొద్దు వాలినకొలది అవి కోలగా సాగును. పాత పెంకుటిండ్లలో పెరిగిన పెద్దలు ఇట్టి పొడలను గచ్చుమీద ఎన్నిమారులో చూచియుందురు. ఇవి గుండ్రముగా నుండుటేల యని అడిగినవారు అరుదు. కాంతి ఋజుమార్గమున ప్రయాణించునను వాక్యమును కంఠస్థము చేసి మార్కులు తెచ్చుకొన్న బాలుడును ఆ పొడను త్రొక్కుకొని ఇంటికి పోవును.

ఈ ప్రశ్నను నాలుగవ, ఐదవ తరగతుల పిల్లల ముందుంచి ఉపాధ్యాయుడు ఊరకుండవలెను. తెలిసిన జవాబును నోట నిలుపుకొనుట యెంత కష్టమో మాటలతో బ్రతుకు మావంటివారికి బాగుగా తెలియును. "సందు గుండ్రముగా నున్నది గనుక" అని ఎవరో యొకరు తప్పక అందురు. తప్పని చెప్పవద్దు. ఒక అట్టముక్కయు కత్తెరయు ఇచ్చి, శనగగింజంత మూడుమూలల రంధ్రము చేయనిండు. అట్టను నేలకు బెత్తెడెత్తున పట్టినపుడు మూడుమూలల వెలుగే పడును. ఆ పిల్లవాడు గెలిచితిననుకొనును. అదే అట్టను కిటికీకి అమర్చి, గది చీకటి చేసి, ఎండను దూరపు గోడమీద పడనిచ్చినచో మూలలు కరగి గుండ్రని బింబము నిలుచును. ఇక వాదము పిల్లలలో పిల్లలకే నడచును.

సూర్యుడు చుక్క కాడు, వెడల్పుగల బింబము. దాని ప్రతి భాగమునుండి వచ్చు కిరణము రంధ్రమున సూటిగా దూరి గోడమీద వేరొక తావున పడును. కనుక గోడమీద మనము చూచునది రంధ్రపు ఆకారము కాదు, తలక్రిందులైన సూర్యుని బొమ్మ. పాక్షిక గ్రహణమునాడు చెట్టుక్రింది పొడలన్నియు నెలవంకలగుట ఇందువలననే.

ఐదవ తరగతివారు ఇంకొక అడుగు వేయగలరు. రంధ్రమును సూదిమొనంత చేసి, 3 మీటర్ల దూరమున ఒక తెల్లకాగితమును కిరణములకు ఎదురుగా పట్టిన, బింబపు అడ్డుకొలత ఇంచుమించు 28 మిల్లీమీటర్లుండును. అనగా దూరములో 107వ వంతు. సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నాడు. దానిని 107చే భాగించిన 14 లక్షల కిలోమీటర్లు. అదే సూర్యుని అడ్డుకొలత! కొలబద్దతో సూర్యుని కొలిచిన పిల్లవానికి భాగహారము శిక్షగా తోచదు. అయితే ఒక హెచ్చరిక: రంధ్రముగుండ సూర్యునివైపు ఎన్నడును చూడరాదు. వీపు సూర్యునివైపు, చూపు కాగితమువైపు ఉండవలెను.

చూపు అనగా జ్ఞప్తికి వచ్చినది. "చూపు సారించెను", "చూపు పడినది" అని మనము వాడుదుము. చూపు కంటినుండి వెడలి వస్తువును తాకునని మన నైయాయికులును, గ్రీకు పండితులు కొందరును తలచిరి. 11వ శతాబ్దమున ఇబ్న్ అల్ హైతమ్ అను అరబ్బు విద్వాంసుడు, వెలుతురే వస్తువునుండి కంటికి వచ్చునని వాదించెను. పిల్లలును మొదట నైయాయికుల పక్షమే. దానికి నవ్వవలసిన పని లేదు. మూతగల అట్టపెట్టెలో ఒక దారపుకండె నుంచి, ప్రక్కనున్న చిన్నరంధ్రమున చూడుమనుడు. ఏమియు కనబడదు. మూత కొంచెమెత్తిన కండె కనబడును. కన్ను అదే, కండె అదే, మారినదేది? పిల్లి చీకటిలో చూచునుగదా యని అడుగు గడుగ్గాయి ఒకడుండును. వాడే మంచి విద్యార్థి. పిల్లికన్ను తనపై పడిన వెలుతురును త్రిప్పికొట్టి మెరయును. వెలుతురు బొత్తిగా లేనిచోట పిల్లికిని కనబడదు.

వెలుతురును పరీక్షించుట ఈ సీమకు క్రొత్త కాదు. చిలకలూరిపేటకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న గుంటూరులో, 1868 ఆగస్టు 18న, సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకై ఫ్రాన్సునుండి జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు వచ్చి విడిసెను. సూర్యుని అంచున ఎగయు జ్వాలల కాంతిని వర్ణపటదర్శినితో విడదీసి చూడగా ప్రకాశవంతమైన గీతలు కనబడెను. మరునాడు గ్రహణము లేకయే వాటిని మరల చూడగలిగెను. ఆ యేటి పరిశీలనలనుండియే, ఇంగ్లండున లాకియర్ చేసిన వాటితో కలిసి, హీలియము జాడ తెలిసినది. భూమిమీద అది 1895లో గాని దొరకలేదు.

జాన్సెన్ పరికరము బడికి రాదు గాని, కాంతిని విడదీయుటకు పళ్లెము చాలును. పళ్లెమున నీరుపోసి, అందొక చిన్న అద్దమును ఏటవాలుగా నిలిపి ఎండలో పెట్టుడు. నీడలోనున్న సున్నపుగోడమీద రంగులు పడును. ఎవరైన పళ్లెమును తాకిన అవి చెదరిపోవును. నీరు నిలుకడ చెందువరకు తరగతియంతయు ఊపిరి బిగబట్టి కూర్చుండును.