ఇంటి రాగితో పిజ్జా పిండి

ఈనాటి ప్రసంగం పేరు వినగానే కొందరికి నవ్వు రావచ్చు. విత్తనశుద్ధి గురించో, వేరుశెనగలో తిక్క ఆకుమచ్చ తెగులు గురించో చెప్పవలసినవాడు పిజ్జా సంగతి ఎత్తడమేమిటి అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అయితే పంట పండించడంతోనే రైతు పని తీరిపోదు. పండినదాన్ని తినేవాళ్ళు కూడా ఉండాలి. సొంత ఇంట్లో పిల్లలే ముట్టని ధాన్యాన్ని రైతు ఎన్నేళ్ళు పండిస్తాడు? రాగి విషయంలో ఇప్పుడు మన ముందున్న ప్రశ్న ఇదే.

సత్యవేడు, వరదయ్యపాళెం ప్రాంతంలో 2008లో శ్రీ సిటీ ప్రారంభమైంది. అంతకుముందు చెరువు కింద కయ్యలు, మెట్టచేలు ఉన్న ఈ సరిహద్దు సీమలో ఇప్పుడు కార్లు తయారవుతున్నాయి. 2016లో చాక్లెట్ల ఫ్యాక్టరీ కూడా వచ్చింది. చుట్టుపక్కల పల్లెల నుంచి యువతీయువకులు షిఫ్టు పనులకు పోతున్నారు. చేతిలో జీతం ఉంటుంది, వండుకునే తీరిక తక్కువ. అందుచేత సాయంత్రం పూట బయటి తిండి అలవాటయింది. ఇంట్లో అవ్వ గెలికిన సంగటి చల్లారుతూ ఉంటుంది, పిల్లలు పిజ్జా అట్టపెట్టె విప్పుతూ ఉంటారు.

వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. తిట్టినంత మాత్రాన ఏ పిల్లవాడూ సంగటి తినడు. వాళ్ళు కోరే రొట్టెలోకే మన రాగిని ఎంతవరకు చేర్చవచ్చు, ఎట్లా చేర్చాలి అన్నది ఆలోచిస్తే మేలు. ఈ ప్రసంగంలో చెప్పబోయేది అదే.

పిజ్జా అనేది ఇటలీ దేశంలో నేపుల్స్ పట్టణపు రొట్టె. అక్కడ పిజ్జా చేసేవారి పనితనాన్ని 2017లో యునెస్కో మానవజాతి వారసత్వ విద్యల జాబితాలో చేర్చింది. ఇంత పేరున్నా, అది మొదట బీదసాదల తిండే. పులిసిన పిండి, దానిమీద టమాటా గుజ్జు, కొంచెం జున్ను. ఆ టమాటా కూడా ఇటలీ సొంత పంట కాదు. అమెరికా ఖండాల నుంచి ఓడలమీద వచ్చింది. మన పచ్చిమిరప కూడా ఆ అమెరికా ఖండాల నుంచి వచ్చినదే. పై ఊరి పంటను తమ రొట్టెమీద వేసుకుని వాళ్ళు తమదిగా చేసుకున్నారు. మనం మాత్రం వాళ్ళ రొట్టెలో మన పంట ఎందుకు కలపకూడదు?

ఇక పిండి సంగతి. పిండి పులవడం మన ఆడవాళ్ళకు కొత్త విద్య కాదు. ఇడ్లీ పిండి రాత్రి రుబ్బిపెడితే తెల్లవారేసరికి గిన్నె నిండా పొంగుతుంది. కంటికి కనబడని సూక్ష్మజీవులు పిండిలోని చక్కెరను తిని బొగ్గుపులుసు గాలిని వదలడమే దానికి కారణం. పులవడం జీవుల పని అని 1857లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ తన పరిశోధనతో తెలిపాడు. ఇడ్లీలో ఆ పని ముఖ్యంగా బాక్టీరియాలు చేస్తాయి. పిజ్జాలో ఈస్ట్ అనే ఒక శిలీంధ్రం చేస్తుంది. ఆప్పం పిండిలో కల్లు పోసే అలవాటు సరిహద్దు పల్లెల్లో పెద్దలకు తెలుసు. ఆ కల్లులో ఉండేదీ ఈస్టే.

కొత్త సంగతి ఒక్కటే ఉంది, అది గోధుమలోని జిగురు. గోధుమపిండిని నీళ్ళతో పిసికితే అందులోని మాంసకృత్తులు కలిసి రబ్బరులాగా సాగే వలగా తయారవుతాయి. ఈస్ట్ వదిలిన గాలి ఆ వలలో చిక్కుకుంటుంది, రొట్టె పొంగుతుంది. రాగిలో ఈ జిగురు లేదు. ఉత్త రాగిపిండికి ఎంత ఈస్ట్ వేసినా గాలి నిలవదు, రొట్టె అప్పడంలాగా ఉండిపోతుంది.

దీన్ని మీరే చూడవచ్చు. నిమ్మకాయంత గోధుమపిండి ముద్ద, నిమ్మకాయంత రాగిపిండి ముద్ద విడివిడిగా కలిపి పావుగంట ఉంచండి. తరవాత ఒక్కొక్క ముద్దను గిన్నెడు నీళ్ళలో వేళ్ళతో మెల్లగా కడగండి. గోధుమ ముద్దలోని గంజి అంతా నీళ్ళలోకి పోయి చివరకు సాగే జిగురు ముద్ద చేతిలో మిగులుతుంది. రాగి ముద్ద మాత్రం పూర్తిగా విడిపోయి నీళ్ళలో కలిసిపోతుంది. గ్రామాల్లో ప్రదర్శనలు చేసే విస్తరణ కార్యకర్తలు మొదట ఈ ప్రయోగం చేసి చూపించాలి. వంద మాటలు చెప్పే పనిని ఆ రెండు ముద్దలు చేస్తాయి.

సంగటిలో నూకలు రాగికి తోడైనట్లే ఇక్కడ గోధుమ రాగికి తోడు కావాలి. మూడు పాళ్ళు గోధుమకు ఒక పాలు రాగి అన్న లెక్క మనసులో పెట్టుకోండి. అంతకు మించితే రొట్టె గట్టిపడి విరుగుతుంది, ఒకసారి తిన్న పిల్లలు రెండోసారి అడగరు. మేలు చేద్దామని రాగి ఎక్కువ పోస్తే అసలుకే మోసం వస్తుంది.

నలుగురికి నాలుగు చిన్న రొట్టెలు కావాలంటే ఈ సరుకులు సిద్ధం చేసుకోండి. గోధుమపిండి 300 గ్రాములు, జల్లించిన రాగిపిండి 100 గ్రాములు, పొడి ఈస్ట్ ఒక టీ చెంచా, బెల్లం పొడి ఒక టీ చెంచా, ఉప్పు ఒక టీ చెంచా, వేరుశెనగ నూనె రెండు పెద్ద చెంచాలు. మొదటిసారి చేసేవాళ్ళు గోధుమపిండిలో సగం మైదా కలుపుకుంటే పని సులువవుతుంది. ముతక గోధుమపిండిలోని తవుడు జిగురు వలను అక్కడక్కడ తెంపుతుంది గనుక రొట్టె కొంచెం తక్కువ పొంగుతుంది. చేయి తిరిగిన తరవాత మైదా తగ్గించుకుంటూ రావచ్చు.

మొదటి పని, రాగిపిండిలో సుమారు 120 మిల్లీలీటర్ల మరిగే నీళ్ళు పోసి గరిటెతో కలపాలి. సంగటికి గెలికినట్లే. వేడికి రాగిలోని గంజి ఉబ్బి నీటిని పట్టుకుంటుంది, అందువల్ల రొట్టె మెత్తగా వస్తుంది. ఈ ముద్దను పూర్తిగా చల్లారనివ్వాలి. ఇది మరచిపోకూడదు, వేడి ముద్ద తగిలితే ఈస్ట్ చచ్చిపోతుంది.

రెండవ పని, 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళలో బెల్లం, ఈస్ట్ వేసి కలిపి పది నిమిషాలు ఉంచాలి. చిటికెనవేలు ముంచితే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. పైన నురుగు కడితే ఈస్ట్ బతికి ఉన్నట్లు. నురుగు రాకపోతే ఆ ఈస్ట్ పాతది, పారవేయండి. మొలకశాతం చూడకుండా విత్తనం చల్లని రైతు, నురుగు చూడకుండా ఈస్ట్ పిండిలో కలపకూడదు.

మూడవ పని, గోధుమపిండిలో ఉప్పు కలిపి, చల్లారిన రాగి ముద్దను చిదిపి వేసి, ఈస్ట్ నీళ్ళు పోసి కలపాలి. ఇంకా 60 మిల్లీలీటర్లదాకా నీళ్ళు పట్టవచ్చు. కొంచెం కొంచెంగా చిలకరించుకోండి. పిండి చపాతీ పిండికంటే మెత్తగా, చేతికి కాస్త అంటుకునేటట్లు ఉండాలి. చివర నూనె వేసి పది నిమిషాలపాటు మడిచి, అరచేత్తో నొక్కి, మళ్ళీ మడిచి పిసకాలి. ఈ పది నిమిషాల్లోనే జిగురు వల అల్లుకుంటుంది. ఇక్కడ బద్ధకిస్తే తరవాత ఏం చేసినా సరికాదు.

నాలుగవ పని, గిన్నెకు నూనె రాసి ముద్దను పెట్టి తడిగుడ్డ కప్పాలి. మన ఎండాకాలంలో ముక్కాలు గంటలోనే పొంగి రెట్టింపవుతుంది. మార్గశిర, పుష్య మాసాల్లో గంటన్నర పట్టవచ్చు. గడియారంకంటె పిండిని చూడడం మంచిది. వేలితో గుచ్చితే గుంట మెల్లగా, సగం మాత్రమే పూడాలి. వెంటనే పూడితే ఇంకా వేళ కాలేదు. పిండి కుంగి, కల్లు వాసన గట్టిగా వస్తే వేళ మించింది. ఎండలు ముదిరిన రోజుల్లో చన్నీళ్ళు చల్లిన ఇసుకమీద గిన్నె పెట్టుకోండి. షిఫ్టుకు పోయేవాళ్ళు ఈస్ట్ పావు చెంచా మాత్రమే వేసి, పిండిని ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచుకోవచ్చు. మెల్లగా పులిసిన పిండికి రుచి ఎక్కువ.

అయిదవ పని, పొంగిన పిండిని నొక్కి గాలి తీసి నాలుగు ఉండలు చేసి పావుగంట ఉంచాలి. ఒక్కొక్కదాన్ని జానెడు వెడల్పున చేత్తో తట్టాలి. ఓవెన్ లేదని దిగులు అక్కరలేదు. మందమైన దోసె పెనం చాలు. పెనం కాగిన తరవాత మంట తగ్గించి రొట్టె వేసి రెండు మూడు నిమిషాలు కాల్చి తిప్పండి. కాలిన వైపున టమాటా గుజ్జు పూసి, ఉల్లి, మిరప ముక్కలు, జున్ను గాని పన్నీరు గాని చల్లి, మూతపెట్టి సన్నసెగమీద ఆరేడు నిమిషాలు ఉంచితే సరి. ఓవెన్ ఉన్నవాళ్ళు 220 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో 12 నుంచి 15 నిమిషాలు కాల్చాలి. అప్పుడు పెనంమీద కాల్చే పని లేదు.

పైన పూసే గుజ్జుకు సీసా సాసు కొననక్కరలేదు. మదనపల్లె మార్కెట్టులో టమాటా ధర పడిపోయిన రోజుల్లో కోత కూలి కూడా రాక రైతు కాయలను చేలోనే వదిలేయడం మనకు తెలిసిన బాధే. ఇంటివాడకంతో ఆ నష్టం పూడదు, నిజమే. కాని పండిన టమాటాను తెచ్చి రోడ్డు పక్కన పోసి, అదే టమాటా సాసును అంగట్లో కొనడం ఏ లెక్కకూ అందదు. కిలో టమాటాలు తరిగి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు, కొంచెం నూనె వేసి మూడోవంతుకు వచ్చేదాకా ఉడికించండి. పిజ్జామీద చల్లే ఒరెగానో ఆకు పొడి మన దగ్గర పండదని విచారించవద్దు. ఆ ఆకుకు వాసననిచ్చే సుగంధ తైలాలవంటివే పెరటిలోని వామాకులోనూ ఉన్నాయి. నాలుగు వామాకులు సన్నగా తరిగి వేయండి. ఈ గుజ్జు ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు నిలుస్తుంది. నెలల తరబడి నిలవచేసే పద్ధతి వేరు, దానికి శిక్షణ కావాలి.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవాళ్ళ సామెత. రాగికి పట్టిన గతి అదే. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పట్నాల్లో రాగిని పొట్లాలు కట్టి అమ్ముతున్నారు. నూరు గ్రాముల రాగిలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నపు ధాతువు, అంటే కాల్షియం, ఉంటుంది. మైదాలో ఇందులో పదోవంతు కూడా ఉండదు. తిరుపతి దగ్గరి పెరుమాళ్ళపల్లె పరిశోధనా స్థానం వకుళ వంటి రాగి రకాలను మనకు అందించింది. రంగు చూసి పిల్లలు ముఖం తిప్పుకుంటారనుకుంటే, విజయనగరం పరిశోధనా స్థానం ఇచ్చిన హిమ అనే తెల్ల రాగి రకం కూడా ఉంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. రాగి కలిపినంత మాత్రాన పిజ్జా రోజూ తినవలసిన తిండి కాదు. ఇందులో ముప్పాతిక గోధుమే, పైన జున్నూ ఉప్పూ ఉన్నాయి. వారానికో పది రోజులకో ఒకసారి చాలు. సంగటి స్థానం సంగటిదే. కాని ఈ రొట్టెలో రాగి రుచి మరిగిన నాలుకకు రాగి దోసె, రాగి అంబలి పరాయివి కావు. ఈ పనికి అసలు ప్రయోజనం అదే.

విస్తరణ కార్యకర్తలకు ఒక సూచన. ప్రదర్శనకు అమ్మలను మాత్రమే పిలవకండి. బడి ఈడు పిల్లలను, షిఫ్టుకు పోయే ఆడపిల్లలను, మగపిల్లలను కూడా పిలిచి వాళ్ళ చేతనే పిండి పిసికించండి. తన చేత్తో చేసినదాన్ని ఎవరూ కాదనరు. రాగి పాలు ఎనిమిదోవంతు, నాలుగోవంతు, సగం చొప్పున మూడు రొట్టెలు చేసి పక్కపక్కన పెట్టి రుచి చూపించండి. ఏది బాగుందో వాళ్ళే చెబుతారు.

పొదుపు సంఘాల అక్కలు కొందరు, దీన్ని చేసి అమ్మవచ్చునా అని అడగవచ్చు. అమ్మవచ్చు. శ్రీ సిటీ చుట్టూ తినేవాళ్ళకు కొదవ లేదు. అయితే ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందు నాలుగు నెలలు ఇంట్లో, ఇరుగుపొరుగుకు చేసి చేయి కుదుర్చుకోండి. ఖర్చు, మిగులు పుస్తకంలో రాసుకోండి. అమ్మకానికి దిగేముందు 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద నమోదు చేయించుకోండి.

ఈ ఏడు రాగి వేసే కయ్యలో ఇంటికని నాలుగు సాళ్ళు ఉంచుకోండి. ఆ గింజ మర పట్టించి, ఒక సెలవునాడు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఈ పిండి కలపండి. మూడు పాళ్ళకు ఒక పాలు అన్న లెక్క మాత్రం మరవకండి.