ఆస్పత్రి పనిమీద కాకుండా హైదరాబాద్

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అని చెప్పుకుంటాం. ఆ లెక్కలన్నీ నివేదికలో అచ్చయ్యే ఉన్నాయి కాబట్టి మళ్ళీ చదవం. మా సంఘం పుస్తకంలో పోయినేడు కొత్తగా తెరిచిన ఒక పద్దు గురించి చెప్పమన్నారు. ఆ పద్దు పేరు ‘ప్రయాణం’.

మాకు హైదరాబాద్ దూరమేం కాదు. రెండు వందల కిలోమీటర్లు, చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కితే తిన్నగా పోయే దారి. అయినా ఎవరెవరు హైదరాబాద్ చూశారని సమావేశంలో అడిగితే చేతులెత్తిన వాళ్ళందరూ ఆస్పత్రి కోసం వెళ్ళినవాళ్ళే. ఒకరు నిమ్స్‌లో మామగారి దగ్గర ఇరవై రోజులున్నారు. చార్మినార్ చూశావా అంటే, బస్సులోంచి కూడా చూడలేదంది. పిల్లలు చూద్దామని అడగటం, మనం వచ్చే ఏడు అనటం, ఆ వచ్చే ఏడు ఎప్పటికీ రాకపోవటం మీ అందరికీ తెలిసిందే.

మొదట వచ్చిన మాట అంతర్గత అప్పు తీసుకుందామని. తలా ఆరు వేలు తీసుకుని వెళ్ళొచ్చి నెలనెలా కట్టుకుందాం, వడ్డీ ఎలాగూ మన సంఘానికే వస్తుంది కదా అని ఇద్దరు గట్టిగా అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. పెళ్ళికి ఇస్తున్నాం, గేదెకు ఇస్తున్నాం, ఇంటి రేకులకు ఇస్తున్నాం. సంతోషానికి ఎందుకివ్వకూడదు? దీనిమీద రెండు సమావేశాలు మాట్లాడుకున్నాం. చివరికి వద్దనే తీర్మానం రాసుకున్నాం. గేదె పాలిస్తుంది, ఆ డబ్బుతో వాయిదా కడతాం. తిరిగొచ్చిన ప్రయాణం వాయిదా కట్టదు. పైగా ఆ నెలల్లోనే ఎవరికైనా జ్వరమొచ్చి అప్పు కావాల్సొస్తే సంఘంలో డబ్బుండదు. అందుకని మామూలు పొదుపుతో కలపకుండా నెలకు 500 విడిగా దాచుకోవాలని, 12 నెలలకు 6,000 అయ్యాకే బయలుదేరాలని, నలుగురున్న ఇంటికి ఆ 6,000 లోనే అంతా అయిపోవాలని రాసుకున్నాం. ఏడుగురం పేర్లిచ్చాం.

ఆరు వేలు ఎలా విడగొట్టామో చెబుతాం, రాసుకునేవాళ్ళు రాసుకోండి. బస్సుకు రానూపోనూ రెండు వేలు. ఒక రాత్రి గదికి వెయ్యి. తిండికి వెయ్యి. ఊళ్ళో తిరగటానికి, చూసే చోట్ల టికెట్లకు కలిపి వెయ్యి. పిల్లల చేతిఖర్చు మూడు వందలు. మిగిలిన ఏడు వందలు కవర్లో పెట్టి అంటించాం, అవసరమొస్తే తప్ప తెరవకూడదు. గాజులు, చీరలు, బొమ్మలు ఈ లెక్కలో లేవు. అవి ఎవరి సొంత డబ్బుతో వాళ్ళు కొనుక్కోవాలి.

ఇంకో ఖర్చుంది. ఏ ప్రయాణం లెక్కలోనూ దాన్ని ఎవరూ రాయరు. రెండు రోజులు పనికి పోకపోతే మొగుడూపెళ్ళాల కూలి పోతుంది. మన మెట్టలో పత్తితీతలు, మిరప కోతలు వరసగా వచ్చే రోజుల్లో ఆ రెండు రోజులు చిన్నవి కావు. అందుకే ఎప్పుడు వెళ్ళాలన్నదానికే అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది. వానాకాలం వద్దని అందరం ఒక్కమాట మీదున్నాం. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్ళొచ్చాయి. 2024 సెప్టెంబరు మొదట్లో పాలేరు పొంగి గరికపాడు వంతెన దెబ్బతింది. పిల్లల్ని వేసుకుని రోడ్డు మీద చిక్కుకుంటే దాచిన ఏడు వందలూ ఒక్క పూటకు చాలవు. ఎండాకాలం సెలవుల్లో అయితే ఎండ. సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్ అంతా మన వైపు వచ్చి ఉంటుంది, కనుమ దాటాక వాళ్ళందరూ తిరిగి పోయే బస్సుల్లో మనకు సీటెక్కడిది?

ఆఖరికి ఫిబ్రవరి రెండో శనివారం, ఆదివారం కుదిరాయి. రెండో శనివారం బడికి సెలవు. మా చేలల్లో ఒక కోత అయి ఇంకో కోతకు ముందు కాస్త ఖాళీ దొరికింది. అన్నిటికంటే ముఖ్యం, నాంపల్లి నుమాయిష్ మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. 1938 నుంచి జరుగుతున్న ప్రదర్శన అది. ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూపార్కుకు సోమవారం సెలవు. తెలియక ఆ రోజుల్లో వెళితే గేటు చూసి రావాలి. శని, ఆదివారాలైతే రద్దీ ఉంటుంది గానీ గేటు తెరిచే ఉంటుంది.

గేదెల సంగతి. పాలు పిండేదెవరని మా ఇళ్ళలో పెద్దవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న అదే, మేం వెళ్ళటం ఇష్టమా కాదా అన్నది తర్వాత! సంఘంలో పేర్లివ్వని వాళ్ళు రెండు పూటలా పిండి కేంద్రంలో పోశారు. వాళ్ళు వెళ్ళినప్పుడు మేం పిండాలి. బదులు కూలి ఎలాగో ఇదీ అలాగే.

బస్సా, బండా అన్నది తర్వాత. ఒక పెద్ద బండి మాట్లాడుకుంటే దర్జాగా ఉంటుందన్నారు మగవాళ్ళు. బాడుగ, డ్రైవర్ బత్తా, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు, ఊళ్ళో పార్కింగు, అన్నీ వేసి చూపిస్తే వాళ్ళే ఊరుకున్నారు. మధిరకో ఖమ్మానికో పోయి సికింద్రాబాద్ రైలెక్కితే టికెట్ తక్కువే. కాని ఇక్కణ్ణుంచి స్టేషన్ దాకా పోవటానికి, పిల్లలతో రైలు దిగి మళ్ళీ ఊళ్ళోకి రావటానికి మాకది కలిసిరాలేదు. నందిగామ వాళ్ళు కూడా ఒకసారి లెక్క వేసుకోండి.

బస్సు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది పొరపడుతున్నారు. 2025 ఆగస్టు 15 నుంచి మనకు స్త్రీశక్తి ఉచిత ప్రయాణం ఉంది కదా, హైదరాబాద్ దాకా టికెట్ లేదనుకుంటున్నారు. అది మన రాష్ట్రం లోపలే. రాష్ట్రం దాటే బస్సుల్లో చెల్లదు. అటు వైపు తెలంగాణలో మహాలక్ష్మి పేరుతో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు ఉచితమే, కాని అది తెలంగాణ వాళ్ళకే, అక్కడి చిరునామా ఉన్న కార్డు చూపించాలి. మన ఆధార్ కార్డుకు అక్కడ జీరో టికెట్ కొట్టరు. కాబట్టి ఊరి నుంచి ఊరి దాకా, సిటీ బస్సుల్లో కూడా, డబ్బు పెట్టుకునే బయలుదేరండి. 5 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు అర టికెట్. మన ఆర్టీసీలో 60 దాటిన వాళ్ళకు రాయితీ ఉంది, అత్తగారిని తీసుకెళ్ళేవాళ్ళు ఆమె ఆధార్ మర్చిపోవద్దు.

ఎనిమిదో నెలలో మాలో ఒకామె భర్తకు జబ్బు చేసింది. అప్పటికి ఆమె దాచింది 4,000. అది ప్రయాణం డబ్బు, ముట్టుకోకూడదని ఎవరం అనలేదు, ఆ రోజే ఆమె చేతికిచ్చి సంతకం తీసుకున్నాం. అంతర్గత అప్పు కూడా ఇచ్చాం. మేం ముందే అప్పుల మీద ప్రయాణానికి పోయి ఉంటే ఆ వారం పెట్టెలో అంత డబ్బు ఉండేది కాదు. “మీరెళ్ళి రండి, మేం తర్వాత చూస్తాం” అందామె. వాళ్ళమ్మాయి ఎనిమిదో తరగతి. మిగతా పిల్లలందరూ వెళుతుంటే ఆ పిల్ల మా ఇళ్ళకు రావటం మానేసింది. ప్రయాణం వాయిదా వేద్దామా అన్నది కూడా మాట్లాడాం, కాని వేస్తే ఆ నింద ఆ ఇంటి మీద పడుతుంది. చివరికి అంటించిన కవర్లలోంచి ఇంటికి 200 చొప్పున తీశాం. ఆరిళ్ళకు 1,200 అయింది. ఆ అమ్మాయిని మాతో తీసుకెళ్ళాం. తల్లి ఒప్పుకోవటానికి పది రోజులు పట్టింది. ఊరికే తీసుకెళితే నేను ఒప్పుకోను, వచ్చే విడతలో ఆ 1,200 నా పొదుపులోంచి కట్టుకోండి అంది. అలాగే రాసుకున్నాం.

తెల్లవారుజామున బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగి అక్కణ్ణుంచి మెట్రో ఎక్కాం. ఇది గుర్తుపెట్టుకోండి. విజయవాడ హైవే మీద పోయే మనకు ఊరు మొదలయ్యే చోటే ఎల్బీనగర్ మెట్రో ఉంది, ఆటోవాళ్ళతో బేరాలు అక్కర్లేదు. ఆ లైనులోనే ఎంజీబీఎస్, నాంపల్లి, అసెంబ్లీ, లక్డీకాపూల్ వస్తాయి, మాకు కావలసినవన్నీ దాదాపు ఆ దారినే. మెట్లు కదిలే ఎస్కలేటర్ దగ్గర చీర కుచ్చిళ్ళు చూసుకుని ఇద్దరు వెనక్కి తగ్గారు. వాళ్ళు లిఫ్టులో వచ్చారు. సిగ్గుపడాల్సిందేం లేదు, లిఫ్టు ఉన్నదే అందుకు.

గది నాంపల్లి వైపు చూసుకున్నాం. చుట్టాలు లేక కాదు. హయత్‌నగర్, వనస్థలిపురం, దిల్‌సుఖ్‌నగర్ నిండా మనవాళ్ళే. కాని ఆరిళ్ళ జనం ఒక ఇంటి మీద పడితే ఆ ఇంటి ఆడమనిషికి అది పండగ కాదు, చాకిరీ. ఫోన్‌లో ఒక రేటు చెప్పిన లాడ్జీ వాళ్ళు తీరా వెళ్ళాక మనిషికి ఇంత అదనమన్నారు. మేం రేటు ముందే వాట్సాప్‌లో రాయించి పెట్టుకున్నాం, అది చూపించాక సర్దుకున్నారు. నోటిమాట మీద మాత్రం గది మాట్లాడకండి.

మొదటి పూట తిండి ఇంటిదే. పులిహోర, చపాతీలు, పిల్లలకు జంతికలు. ఊళ్ళో 5 రూపాయల భోజనం పెట్టే చోట్లు కూడా ఉన్నాయి, మన అన్న క్యాంటీన్ లాగానే. మధ్యాహ్నం వేళ వరస ఎక్కువుంటుంది.

సాలార్‌జంగ్‌లో మేం అనుకున్నదానికంటే రెండు గంటలు ఎక్కువున్నాం. గడియారం కొట్టే బొమ్మ కోసం పిల్లలు గంటకు ముందే కింద కూర్చున్నారు. మా ఆడవాళ్ళం మాత్రం ముసుగు రెబెక్కా దగ్గర ఆగిపోయాం. ఇటలీ శిల్పి బెంజోని చెక్కింది. పాలరాయే, కాని మొహం మీద పలచటి గుడ్డ వేసినట్టుంటుంది, గుడ్డ కింద ముక్కూ కళ్ళూ కనిపిస్తాయి. “తడిపిన నేత చీర ఆరేసినట్టుంది” అని మాలో ఒకామె అంది, అంతకన్నా బాగా మేం చెప్పలేం. చార్మినార్‌కు పదిహేనేళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు. 1591లో కట్టింది, పైకెక్కే మెట్లు ఇరుకు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద లాడ్ బజార్‌లో గాజులు చూసుకోవచ్చు. అక్కడి లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. మాలో గాజుల కొట్టు పెట్టుకున్న చెల్లెలు కొనలేదు గానీ డజను ధరలన్నీ రాసుకొచ్చింది.

రాత్రికి నుమాయిష్. అక్కడ మా కవర్లకు పెద్ద పరీక్ష జరిగింది. నాలుగు కవర్లు అలాగే ఉన్నాయి, రెండు తెరుచుకున్నాయి. ఎవరివో చెప్పం.

ఆదివారం పొద్దున బిర్లా ప్లానెటోరియం. తెలుగులో చెప్పే ఆట చూసి ఎక్కాలి, లేకపోతే ఇంగ్లీషులో వినాల్సొస్తుంది. దీపాలార్పి పైన చుక్కలు వేసినప్పుడు చిన్నపిల్లలు భయపడి ఏడ్చారు. మాతో వచ్చిన ఎనిమిదో తరగతి అమ్మాయి అయిపోయాక కూడా లేవలేదు. బయటికొచ్చి, ఈ చుక్కల పేర్లు చెప్పే ఉద్యోగానికి ఏం చదవాలని గేటు దగ్గరున్నాయన్ను అడిగింది. ఆయన లోపలికి తీసుకెళ్ళి ఎవరితోనో మాట్లాడించారు. ఇంటర్‌లో లెక్కలు తీసుకోవాలని చెప్పారట. పక్కనే కొండమీద బిర్లా మందిర్, అక్కడ డబ్బు ఖర్చు లేదు, ఫోన్లు మాత్రం లోపలికి తీసుకెళ్ళనివ్వరు. తర్వాత లుంబినీ పార్కు నుంచి పడవలో హుస్సేన్‌సాగర్ మధ్యనున్న బుద్ధుడి దగ్గరికి వెళ్ళాం. ఆ విగ్రహాన్ని 1990లో తీసుకెళుతుంటే నీళ్ళలో పడిపోయింది, ప్రాణాలు పోయాయి, తర్వాత పైకి తీసి 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. అక్కడ నిలబడి మాలో ఒకరు, మన ధనంబోడు కూడా బుద్ధుడిదే కదా అన్నారు. అవును. 1882లో బర్జెస్ దొర మన జగ్గయ్యపేట స్తూపం తవ్వి చూశాడు, శిల్పాలు చెన్నై మ్యూజియానికి వెళ్ళాయి. రానూపోనూ నాలుగు వందల కిలోమీటర్లు తిరిగినవాళ్ళం ఆ గుట్ట మాత్రం మా పిల్లలకు చూపించలేదు. దానికి టికెట్టూ లేదు, గదీ అక్కర్లేదు. శ్రీరామనవమి సెలవుకు అది అనుకున్నాం.

రామోజీ ఫిల్మ్‌సిటీ మన హైవే దారిలోనే ఉంది, పిల్లలు బోర్డు చూసి గోల చేశారు. పెద్దవాళ్ళ టికెట్ ఒక్కటే వెయ్యి దాటుతుంది. నలుగురున్న ఇంటికి మా మొత్తం లెక్కలో సగం పైనే అక్కడ పోతుంది. చెడ్డదని కాదు, అది వేరే ఏడు, వేరే పొదుపు.

ఆరు వేలు కూడా మాకు ఎక్కువే అనే అక్కలు ఇక్కడున్నారు, మాకు తెలుసు. వాళ్ళు ముందు విజయవాడ చూడండి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు, ఆడపిల్లలకు టికెట్ లేదు, ఇంట్లో మగవాళ్ళకు తీసుకుంటే సరి. పొద్దున అమ్మవారి దర్శనం, తర్వాత బాపూ మ్యూజియం, సాయంత్రం భవానీ ద్వీపం, రాత్రికి ఇల్లు. గది ఖర్చే ఉండదు.

ఆరిళ్ళకు కలిపి 36,000 లో మాకు మిగిలింది 2,300. ఎవరికి ఎంత మిగిలిందో రాసి, వాళ్ళ పేర్ల మీదే రెండో విడత పొదుపుకు మొదటి జమ వేశాం. ఈసారి పదకొండు మంది పేర్లిచ్చారు. మొదటి పేరు పోయినసారి రాలేకపోయిన ఆమెది, భర్త ఆరోగ్యం ఇప్పుడు పర్వాలేదు. ఖర్చు పుస్తకం మా వీవోఏ దగ్గర ఉంది, ఏ సంఘమైనా వచ్చి చూసి రాసుకుపోవచ్చు, పుస్తకం మాత్రం ఇంటికి ఇవ్వం. పాలు పిండే వంతులు ఇంకా కుదరలేదు, వచ్చే సమావేశంలో వేస్తాం.