లాయర్‌కి టెన్షన్ వస్తే ఎవరికి చెప్పుకోవాలి?

ఈ ఎపిసోడ్‌లో లాయర్ల గురించి మాట్లాడుకుందాం. సినిమా లాయర్లు కాదు. పొద్దున్నే జిల్లా కోర్టు వరండాలో ఫైళ్ల కట్ట పట్టుకుని నిలబడే జూనియర్ల గురించి.

నా బీటెక్ క్లాస్‌మేట్ ఒకడు ఐటీ జాబ్ వదిలేసి, లాసెట్ రాసి, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేశాడు. ఎలా ఉందిరా అంటే, "అక్కడ రిలీజ్ అయిపోతే పని అయిపోయేది. ఇక్కడ ఏదీ అయిపోదు" అన్నాడు.

నిజమే కదా. రాత్రి రెండింటిదాకా కూర్చుని కేసు ప్రిపేర్ అవుతారు. తెల్లారి చూస్తే లిస్టులో మీది 47వ నంబర్. సాయంత్రం దాకా పిలుపు రాదు. వాయిదా! నెల తర్వాత ఆ ఫైలు మళ్లీ మొదటి నుంచి చదువుకోవాలి. దేశంలో పెండింగ్ కేసులు 5 కోట్లు దాటాయని వార్తల్లో వింటాం. కానీ ఆ ప్రతి వాయిదానీ క్లయింట్ ముఖం మీద చెప్పాల్సింది ఎవరు? జడ్జి గారు కాదు, లాయరే. ఎదురుగా ఉన్నది బెయిల్ రాని కొడుకు కోసం తిరుగుతున్న తల్లి కావచ్చు, అన్నదమ్ములతో పొలం తగాదాలో ఉన్న పెద్దాయన కావచ్చు. మనం కోడ్ తప్పు రాస్తే రోల్‌బ్యాక్ చేస్తాం. బెయిల్ పిటిషన్ కొట్టేస్తే ఆ రాత్రికి రోల్‌బ్యాక్ లేదు.

ఇక డబ్బులు. సాఫ్ట్‌వేర్ ఫ్రెషర్‌కి ఎంత తక్కువైనా నెల తిరిగేసరికి జీతం పడుతుంది. చాలామంది జూనియర్లకి దారి ఖర్చులు వస్తే గొప్ప. పోనీ బయట ఉద్యోగం చేసుకుందామా అంటే, ప్రాక్టీస్‌లో ఉన్నవాళ్లు ఫుల్‌టైమ్ జీతం ఉద్యోగం చేయకూడదని బార్ కౌన్సిల్ రూల్. 2024 అక్టోబర్‌లో అదే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, జూనియర్లకి పట్టణాల్లో నెలకి 20,000, గ్రామాల్లో 15,000 అయినా ఇవ్వండి అని చెప్పింది. చెప్పింది అంతే, అది సూచన మాత్రమే. ఏపీలో 2019లో లా నేస్తం అని మొదటి మూడేళ్లు నెలకి 5,000 ఇచ్చే పథకం పెట్టారు. పెళ్లిచూపుల్లో మాత్రం ప్రశ్న ఒకటే: "లాయరా? అంటే ప్రస్తుతానికి ఖాళీయేనా బాబూ?"

సీనియర్లు "మేమూ ఇలాగే పైకొచ్చాం" అంటారు. అలా పైకి రాలేక మధ్యలో ఆగిపోయినవాళ్లు ఈ మాట చెప్పడానికి అక్కడ లేరు కదండీ!

2016లో అమెరికాలో సుమారు 13,000 మంది లాయర్ల మీద చేసిన స్టడీ ఒకటి వచ్చింది. 28 శాతం మందిలో డిప్రెషన్ లక్షణాలు, 19 శాతం మందిలో యాంగ్జయిటీ. తాగుడు సమస్య ఐదుగురిలో ఒకరికి, అది కూడా ప్రాక్టీస్ మొదటి పదేళ్లలో ఉన్నవాళ్లలోనే ఎక్కువ. ఆ అంకెల్ని తెచ్చి మన గుంటూరుకో వరంగల్‌కో అతికించను. కానీ హెల్ప్ ఎందుకు తీసుకోలేదంటే వాళ్లు చెప్పిన ముఖ్యమైన కారణం, "నలుగురికీ తెలిసిపోతుందని". ఇది మాత్రం అచ్చం మనదే.

ఎందుకంటే క్లయింట్ ఫీజు ఇచ్చి కొనుక్కునేది సగం లా పాయింట్లు, సగం ధైర్యం. "నేనున్నా, మీరు నిద్రపోండి" అనాల్సిన మనిషి, నాకు నిద్ర పట్టట్లేదు అని ఎవరితో అంటాడు? చిన్న ఊళ్లో సైకియాట్రిస్ట్ క్లినిక్ మెట్లెక్కితే సాయంత్రానికి కోర్టు క్యాంటీన్‌లో అదే టాపిక్. "ఆయనకే బాగోలేదంట, మన కేసు ఏం చూస్తాడు?" అంతే, ఫైలు వేరే ఆఫీసుకి వెళ్లిపోతుంది.

అందుకే ఒక నంబర్ చెప్తున్నా: 14416, టెలీ మానస్. కేంద్ర ప్రభుత్వానిది. ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఏ మెట్లూ ఎక్కక్కర్లేదు.

చూస్తున్నవాళ్లలో జూనియర్ లాయర్లు ఉంటే, మీ ఆఫీసులో నెలకి ఎంత ఇస్తున్నారో కామెంట్‌లో పెట్టండి. పేర్లు వద్దు, ఊరు వద్దు, అంకె చాలు. సున్నా అయినా సరే.