మహమ్మారి కాలమున దాంపత్య ఆరోగ్యము

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



నేడు నాకు అప్పగించిన విషయము పదిమందిలో మాట్లాడుటకు బిడియము కలిగించునది. అయినను కోవిడ్ కాలమున కాపురములలో జరిగినదానిని దాచినచో, మరల అట్టి వ్యాధి వచ్చినప్పుడు నష్టపడువారు మనవారే.

2020 మార్చి 25 నుండి దేశమంతట రాకపోకలు స్తంభించినవి. ఆలుమగలు ఇంటనే యుందురు గనుక తొమ్మిది నెలలకు ఉయ్యాలలు నిండునని పలువురు హాస్యమాడిరి. ఇటలీ, స్పెయిన్ దేశములలో జరిగినది వేరు. 2021 జనవరిలో అచట కాన్పులు అంతకు ముందటి ఏటికంటె బాగుగా తగ్గినవి. పని పోయి, రోగభయము పట్టి, నిద్ర కరవైన మనిషికి కోరిక మందగించుట వింత కాదు. అది మగతనమునకు లోపమును కాదు. జ్వరము తగ్గినను కొన్ని నెలలు నీరసము వీడనివారు కలరు. అట్టివారు సంతలో అమ్ము లేహ్యములకు డబ్బు పోయక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి చూపించుకొనవలెను.

టీకా వేయించుకొన్నచో మగతనము పోవునను వదంతియు అప్పుడే పుట్టినది. 2021 జనవరి 3న, టీకాలకు అనుమతి ప్రకటించిన నాడే, భారత ఔషధ నియంత్రణాధికారి ఆ మాటను త్రోసిపుచ్చిరి. అయినను రచ్చబండ మాట ప్రభుత్వ ప్రకటనకంటె వేగముగా నడచును. మా శాఖవారికి ఇది క్రొత్త కాదు.

అసలు చిక్కు కుటుంబ నియంత్రణలో కలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 70 మంది ఆపరేషను చేయించుకొన్నవారే. మగవారి ఆపరేషను నూటికి ఒక్కటైనను లేదు! 2020లో ఆసుపత్రులు కోవిడ్ సేవకు మరలి ఆపరేషన్లు వాయిదా పడగానే, రెండవ మార్గము తెలియని దంపతులు చిక్కుబడిరి. మూడు నెలలకొకసారి వేయు అంతర సూది, ఛాయ బిళ్లలు, నిరోధ్ ఉచితముగా లభించునని చాలమందికి తెలియదు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2021 మార్చిలో వేసిన అంచనా ప్రకారము, 115 దేశములలో 1 కోటి 20 లక్షల మంది స్త్రీలకు ఇట్టి సాధనములు అందక 14 లక్షల కోరని గర్భములు కలిగినవి.

మూసిన తలుపుల వెనుక దెబ్బలు, బలవంతము కూడ పెరిగినవి. దీనిని ఇంటిగుట్టని కొందరు పెద్దలు తప్పించుకొందురు. 2005 నాటి గృహహింస చట్టము లైంగిక హింసను గూడ హింసగానే ఎంచినది. 181 నంబరును పంచాయతీ గోడపై వ్రాయించుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

మీ గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార సంఘము వచ్చే సమావేశమున ఆశా కార్యకర్తను పిలిచి, ఆమె వద్ద బిళ్లలు, నిరోధ్ ఎన్ని నెలలకు సరిపడునో అడుగవలెను. దారులు మూసినచో హెచ్.ఐ.వి. మందు తెచ్చుకొనువారికి ప్రయాణ సాధనము ముందే యోచింపవలెను. వారి పేర్లు మాత్రము అడుగరాదు. 2017 చట్టము వాటిని రహస్యముగా ఉంచుమన్నది. నర్సమ్మకు తెలిసిన చాలును.