భోగిమంటలో వేసే ముందు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పది నిముషాలు మాట్లాడమన్నారు. ముప్ఫై ఆరేళ్ళు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. నోట్ పెట్టమంటే నాలుగు పేజీలు పెడతాను గాని, మైకు ముందు నిలబెడితే నోరు పెగలదు. పైగా మా ఆవిడ రెండో వరుసలో కూర్చుంది. కనుక అబద్ధాలాడే వీలు కూడా లేదు.

నేను చెప్పదలచుకున్నది మన ఇళ్ళల్లో పేరుకుపోయిన కాగితాల గురించి. మా ఇంట్లో రెండు ట్రంకుపెట్టెలు, అటక మీద మూడు గోనెసంచులు నిండా అవే. 1974 నాటి టి.ఏ. బిల్లుల నకళ్ళు, ఇంక్రిమెంటు ఉత్తర్వులు, కాలం చెల్లిన రేషన్ కార్డులు, నలభై ఏళ్ళ శుభలేఖలు. శుభలేఖ అంచుకి పసుపు ఉంటుంది గనక పారేయకూడదని మా ఆవిడ పట్టు. ఉత్తర్వు మీద ఆఫీసరు సంతకం ఉంటుంది గనక పారేయకూడదని నా పట్టు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి పెంకులు లేచిపోయి సంచులన్నీ తడిస్తే, వాటిని వారం రోజులు ఎండబెట్టి మళ్ళీ అటకెక్కించిన ఘనుణ్ణి నేను.

ఎందుకంత భయమంటే, ఒకసారి చెయ్యి కాల్చుకున్నాను. ఇందిరా వికాస పత్రాలు మీకందరికీ గుర్తుండే ఉంటాయి. 1986లో మొదలై 1999లో ఆగిపోయాయి. ఐదేళ్ళకి సొమ్ము రెట్టింపు. వాటి మీద కొన్నవారి పేరుండదు, ఎవరి చేతిలో ఉంటే వారిదే సొమ్ము. 1988లో అరియర్సు వస్తే, ఒక్కొక్కటి ఐదువందల చొప్పున ఐదు కొన్నాను. దొంగల భయంతో బీరువాలో పెట్టకుండా పాత డైరీల మధ్య దాచాను. 1993 భోగినాడు తెల్లవారుజామున మా పెద్దవాడు మంటలోకి ఏదైనా ఇమ్మని అడిగితే, నిద్రమత్తులో ఆ డైరీల కట్ట నేనే అందించాను. మంట బాగా లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం సంగతి తెలిసింది. పోస్టాఫీసుకి వెళితే, పోయిన పత్రానికి బదులు ఇవ్వడానికి రూల్సు ఒప్పుకోవన్నారు. వారి తప్పు లేదు. ఊళ్ళో అందరికీ రూల్సు చెప్పే మనిషిని, ఆ రూలు నాకు ముందే తెలుసు.

తరవాత ఇరవై అయిదేళ్ళపాటు మా ఆవిడ ఈ మాట ఎత్తని సంక్రాంతి లేదు. 2018లో దేవుడు నా మొర ఆలకించాడు. ఆవిడ పెళ్ళినాటి పట్టుచీర మడతల్లోంచి పదమూడు పాత ఐదువందల నోట్లు బయటపడ్డాయి. 2016 నవంబరు 8న రద్దయినవి. ఆ డిసెంబరు 30 దాకా బ్యాంకులో వేసుకునే గడువుంది. నేను రోజూ క్యూలో నిలబడి వస్తుంటే ఈవిడ నోరు మెదపలేదు. మర్చిపోయానంది. నమ్మాను, ఏం చేస్తాను? 2017లో వచ్చిన చట్టం ప్రకారం ఆ నోట్లు పదికి మించి దగ్గరుంచుకోవడం నేరం, పదివేల రూపాయలో, నోట్ల విలువకి ఐదు రెట్లో, ఏది ఎక్కువైతే అంత దాకా జరిమానా. అందుకని మూడు నోట్లు పెరట్లో నీళ్ళ కాగు కింద పెట్టాను. ఆ రోజు మా స్నానం ఖర్చు పదిహేనువందలు. మిగతా పదీ ఆవిడ దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు భోగి మాట ఆవిడ ఎత్తదు, పట్టుచీర మాట నేనెత్తను.

ఇక నవ్వులాట కాని సంగతి చెబుతాను. మనలో ఒకరు, పేరు చెప్పను, మూడేళ్ళ క్రితం కాలం చేశారు. నాకంటే శ్రద్ధగా కాగితాలు దాచిన మనిషి. ఆయన భార్యకి ఫ్యామిలీ పెన్షను కావాలంటే పి.పి.ఓ. కాపీ కావాలి. నేనూ, వారబ్బాయీ రెండు రోజులు కూర్చుని వెతికాం. 1980 నాటి సినిమా టిక్కెట్లు దొరికాయి. పి.పి.ఓ. దొరకలేదు. చివరికి నకలు తెప్పిస్తే, అందులో ఆవిడ పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఒకదాంట్లో పేరు చివర ‘అమ్మ’ ఉంది, రెండోదాంట్లో లేదు. ఆ రెండక్షరాలు సరిచేయించడానికి పదకొండు నెలలు పట్టింది. అన్ని నెలలూ ఆవిడ కొడుకు ముందు చెయ్యి చాచవలసి వచ్చింది. ఒకరోజు నాతో, “అన్నయ్యగారూ, ఆయన ఇన్ని దాచారు గదా, నాకు పనికొచ్చేది ఎక్కడ పెట్టారో ఒక్కసారి చెప్పలేకపోయారా?” అంది. నా దగ్గర సమాధానం లేదు. ఇంటికొచ్చి మా ఆవిణ్ణి మన పి.పి.ఓ. ఎక్కడుందని అడిగితే, “అదేమిటి?” అంది.

ఆ రాత్రి నాకు తాలూకాఫీసు రికార్డు రూములో పనిచేసిన ఒక పెద్దాయన గుర్తొచ్చాడు. చదువు అంతంతమాత్రమే. కాని గుడ్డమూట రంగు, ముడి చూసి ఏ సంవత్సరం కట్టో చెప్పేవాడు. 1985లో తాలూకా మండలాలుగా విడిపోయి రికార్డులు పంచుతున్నప్పుడు, “దాచడానికేం బాబుగారూ, ఎలకైనా దాస్తుంది. అడిగినప్పుడు తీసియ్యాల” అనేవాడు. ఆయన తరహాలోనే ఇంట్లో మొదలుపెట్టాను. మనకు తెలిసిన పద్ధతే. ఆర్.డిస్. శాశ్వతం, డి.డిస్. పదేళ్ళు, ఎల్.డిస్. ఒక సంవత్సరం. ఆర్.డిస్.కి ఒక్కటే సంచి. పి.పి.ఓ., ఇద్దరి జాయింటు ఫొటో, ఆధార్లు, పాసుపుస్తకాలు, ఇంటి దస్తావేజు. ఆ సంచి ఎక్కడుందో ఆవిడకి తెలుసు, కోడలికి తెలుసు. కరెంటు బిల్లులు ఎల్.డిస్. టి.ఏ. బిల్లులకి పదేళ్ళు ఎప్పుడో నిండాయి, మొన్న భోగికి వెళ్ళిపోయాయి. ఈసారి ప్రతి కాగితం దులిపి, రెండు వైపులా చూసి మరీ వేశాను. చెబితే నమ్మరు, 2022 ఏప్రిల్ 4న మన చోడవరం అనకాపల్లి జిల్లాలోకి మారినప్పుడు కూడా కలెక్టరేటువారు అంత జాగ్రత్తగా రికార్డులు చూసి ఉండరు.

మధ్యలో ఒక మాట. ఫోన్లో పోలీసులమంటూ ‘డిజిటల్ అరెస్టు’ అని బెదిరించేవాళ్ళున్నారు. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. నాకూ వచ్చింది. “ఫైలు నంబరు, తేదీ చెప్పు నాయనా, రాసుకుంటాను” అన్నాను. పెట్టేశాడు. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోకండి, వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.

ఆ సర్దుడులోనే అట్ట చిరిగిన ఒక పాలలెక్కల పుస్తకం దొరికింది. మా ఆవిడ దస్తూరీ. ఎల్.డిస్. అనుకుని పక్కన పెట్టబోతూ తిరగేశాను. 1986 నవంబరు, డిసెంబరు. మన ఎన్జీవోల సమ్మె, 53 రోజులు. మనమంతా టెంటులో కూర్చుని నినాదాలిచ్చాం, గర్వంగా చెప్పుకుంటాం కూడా. ఆ పుస్తకంలో ఆ రోజులు ఇలా ఉన్నాయి. పాలు, పిల్లలకి మాత్రమే. పంచదార లేదు, బెల్లం కాఫీ. దాని కింద, ఉంగరం, మూడువందలు. అంతే, ఇంకేం రాయలేదు. మన సమ్మె నిధితో ఇల్లు నడిచిందని నేను ఇన్నేళ్ళూ అనుకుంటున్నాను. చేతికి ఉంగరం లేదన్న సంగతే నేను గమనించలేదు. పుస్తకం తీసుకెళ్ళి అడిగాను. కూర తరుగుతూ, “విడిపించుకున్నానుగా, ఎనభై ఎనిమిదిలో” అంది. నేను వికాస పత్రాలు కొన్న ఏడాది అది.

ఆ పుస్తకం ఇప్పుడు పి.పి.ఓ. ఉన్న సంచిలోనే ఉంది.

టీ వచ్చినట్టుంది. పోయినసారి చెప్పినట్టు పి.పి.ఓ.లు, ఆధార్లు తెచ్చినవారు ఆ కిటికీ దగ్గర బల్ల దగ్గరకు రండి. భార్యాభర్తల పేర్లు, పుట్టినతేదీలు అక్షరం అక్షరం సరిచూద్దాం. తేడా ఉంటే దరఖాస్తు ఇక్కడే రాసిస్తాను. తెల్లకాగితాలు తెచ్చాను. తల్లులు, అక్కలు కూడా రావాలి. మీవారిని పంపించి ఊరుకోవద్దు.